యంత్రాన్ని చూడకుండానే దాని గుట్టు విప్పినవాడు

సూరత్‌లో ఒక మరమగ్గాల షెడ్డు ఉందనుకుందాం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కార్మికులు ఆ ఊళ్లో చాలామంది. యజమాని షిఫ్టుకు ఇద్దరిద్దరిని జతగా వేయాలి. అందరికీ అందరితో కుదరదు. ఒకరికి రాత్రి షిఫ్టు పడదు, మరొకరికి ఆ రకం మగ్గం తెలియదు. ఎవరూ మిగిలిపోకుండా అందరినీ జతలు కట్టడం సాధ్యమేనా? మేస్త్రీ గంటలకొద్దీ కాగితం మీద కొట్టివేతలు చేసుకుంటాడు. సాధ్యం కాదని తేలాలంటే ఏం చూడాలో 1947లోనే ఒక గణితవేత్త చెప్పేశాడు. ఆయన పేరు విలియం థామస్ టట్.

1917 మే 14న ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఒక తోటమాలి ఇంట పుట్టాడు. చిన్నప్పుడే కేంబ్రిడ్జ్‌లోని హైస్కూలుకు స్కాలర్‌షిప్ వచ్చినా, దూరమని తల్లిదండ్రులు పంపలేదు. మరుసటి ఏడాది మళ్లీ పరీక్ష రాసి గెలిచాడు. 1935లో ట్రినిటీ కాలేజీలో చేరింది రసాయన శాస్త్రం చదవడానికి. మనసు మాత్రం గణితం మీదే. ముగ్గురు మిత్రులతో కలిసి ఒక చిక్కుముడి పట్టుకున్నాడు: ఒక దీర్ఘచతురస్రాన్ని, ఏ రెండూ ఒకే కొలతలో లేని చతురస్రాలుగా కోయడం ఎలా? ఆ నలుగురూ దాన్ని కరెంటు తీగల వలగా మార్చి, విద్యుత్ సూత్రాలతో లెక్క కట్టారు. 1940లో ఆ పరిశోధన అచ్చయింది.

అంతలో యుద్ధం. 1941లో టట్ బ్లెచ్లీ పార్క్‌లో రహస్య సంకేతాలు ఛేదించే విభాగంలో చేరాడు. ఎనిగ్మా పేరు అందరికీ తెలుసు. హిట్లర్ సైన్యాధిపతులు వాడింది మాత్రం లోరెంజ్ అనే మరో యంత్రం. దాన్ని బ్రిటిష్ వారెవరూ కళ్లతో చూడలేదు. 1941 ఆగస్టు 30న ఒక జర్మన్ ఆపరేటర్ సుమారు 4,000 అక్షరాల సందేశాన్ని చిన్న చిన్న మార్పులతో, యంత్రం అమరిక మార్చకుండా రెండోసారి పంపాడు. ఆ పొరపాటును పట్టుకుని జాన్ టిల్ట్‌మన్ సందేశాన్నీ, దాన్ని కప్పిన అక్షరాల వరుసనూ విడదీశాడు. ఆ వరుస టట్ చేతికొచ్చింది. దాన్ని అడ్డువరుసలుగా రాస్తూ, మళ్లీ మళ్లీ వచ్చే తీరును వెతుకుతూ 41 అనే సంఖ్య దగ్గర ఆగాడు. అంటే లోపల 41 పళ్లున్న చక్రం ఒకటి తిరుగుతోంది. ఆ ఆధారంతో, సహోద్యోగుల సాయంతో, మొత్తం 12 చక్రాల నిర్మాణం బయటపడింది. ఆ తర్వాత 1942లో రోజువారీ అమరికలు కనిపెట్టే గణాంక పద్ధతినీ టట్ రూపొందించాడు. చేత్తో చేయలేనంత లెక్క అది. దానికోసమే టామీ ఫ్లవర్స్ కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రాన్ని నిర్మించాడు.

యుద్ధం ముగిసింది. నోరు విప్పరాదన్న నిబంధన మాత్రం ముగియలేదు. దశాబ్దాలపాటు టట్ ఆ పనిని బయటపెట్టలేదు. ఈలోగా తన దారిలో తాను నడిచాడు. జతల సిద్ధాంతం అప్పటిదే. కొందరిని పక్కన పెట్టి చూడండి. మిగిలినవారు ఒకరితో ఒకరికి పొత్తు కుదరని గుంపులుగా విడిపోతారు. బేసి సంఖ్యలో మనుషులున్న ప్రతి గుంపులోనూ కనీసం ఒకరు మిగులుతారు. వారికి జత దొరికేది పక్కన పెట్టినవారిలోనే. కాబట్టి బేసి గుంపులు పక్కన పెట్టినవారి కంటే ఎక్కువైతే పని కాదు. ఇంతవరకు ఎవరైనా ఊహించవచ్చు. ఎవరిని పక్కన పెట్టినా ఆ అడ్డంకి రాకపోతే జతలు తప్పక కుదురుతాయని టట్ నిరూపించాడు. ఆ జతలను వేగంగా వెతికే పద్ధతిని 1965లో జాక్ ఎడ్మండ్స్ ఇచ్చాడు.

1948లో టొరంటోకు, 1962లో కెనడాలోనే వాటర్లూ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు టట్. 1963లో గ్రాఫును ఎలా గీయాలో చెబుతూ ఒక పత్రం రాశాడు. గ్రాఫంటే ఇక్కడ చుక్కలు, వాటిని కలిపే గీతలు. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా గీయగలిగి, ఏ రెండు చుక్కలు తీసేసినా విడిపోని గ్రాఫయితే చాలు. బయటి చుక్కలను ఒక బహుభుజి మూలల్లో మేకులు కొట్టినట్టు బిగించాలి. లోపలి ప్రతి చుక్కనూ దాని పొరుగు చుక్కల సరాసరి స్థానంలో ఉంచాలి. గీతలన్నీ రబ్బరు దారాలై లాగినట్టు బొమ్మ తనంతట తానే కుదురుకుంటుంది, ఏ గీతా మరో గీతను దాటదు. కుర్రతనంలో కరెంటు తీగల వలకు వేసిన సమీకరణాల తీరే ఇక్కడా కనిపిస్తుంది. సంబంధాల వలలను తెర మీద గీసిపెట్టే నేటి సాఫ్ట్‌వేర్ పద్ధతులెన్నో ఈ ఆలోచనకు వారసులే.

వాటర్లూలో కాంబినేటోరిక్స్, ఆప్టిమైజేషన్‌లకు ప్రత్యేక విభాగం ఏర్పడితే, దాని పునాదుల్లో టట్ ఉన్నాడు. మనకు తెలిసిన పేరొకటి అక్కడే వినిపిస్తుంది: ఉప్పలూరి శివరామచంద్రమూర్తి. అదే విభాగంలో పనిచేస్తూ, అడ్రియన్ బాండీతో కలిసి 1976లో ఆయన రాసిన గ్రాఫ్ సిద్ధాంత గ్రంథం తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది.

1990లలో రహస్యపు తెరలు తొలగాక లోకానికి టట్ యుద్ధకాలపు పని తెలిసింది. 2001లో కెనడా ప్రభుత్వం తన ఉన్నత పౌర పురస్కారమిచ్చింది. 2002 మే 2న ఆయన కన్నుమూశాడు. 2014లో న్యూమార్కెట్‌లో స్మారకం నిలిపారు. నాటి కాగితపు టేపుల్లా రంధ్రాలు పొడిచిన ఉక్కు పలకలవి. దగ్గరికి వెళ్తే కనిపించేవి రంధ్రాలే. సరైన చోట నిలబడి చూస్తేనే అందులో టట్ ముఖం కనిపిస్తుంది.