బడికి గుర్తింపు లేదన్నా వెనుదీయని మాడపాటి
తెలుగు బాలికల కోసం ఉన్నత పాఠశాల

కోహీర్ :- సర్కారు చేయని పనిని ప్రజలే సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసుకుని చేసుకోవచ్చునని తెలంగాణా పల్లెలకు నేర్పినవారిలో ముందుగా చెప్పుకోదగినవారు ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు.

ఆయన 1885 జనవరి 22న నాటి కృష్ణా జిల్లా ఎర్రుపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి మేనమామల అండన పెరిగారు. హనుమకొండలో చిరుద్యోగం చేస్తూనే అక్కడ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు. తరువాత హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు.

నిజాం రాజ్యంలో తెలుగువారి సంఖ్య ఎక్కువే అయినా కచేరీల్లో, పై చదువుల్లో ఉర్దూదే పెత్తనం. 1921 నవంబరులో మహర్షి కార్వే అధ్యక్షతన హైదరాబాదులో సంఘ సంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుంచి పుట్టిందే ఆంధ్ర జనసంఘం. దాని బరువు బాధ్యతలను మాడపాటి భుజాన వేసుకున్నారు. ఊరూరా గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టించడం, వెట్టిచాకిరి గురించి, వర్తకుల ఇబ్బందుల గురించి చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం సంఘం పనులు. సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందవలసిన రోజులవి. అందుకే ఆయన కయ్యానికి దిగక, కాగితం మీద హక్కు చూపి పని సాధించేవారు. ఈ మెతకదనం పనికిరాదని తరువాతి తరం యువకులు కొందరు విమర్శించారు కూడా.

1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆయన తెలుగు బాలికలకు ఉన్నత పాఠశాల ప్రారంభించారు. తెలుగులో బోధించే ఉన్నత పాఠశాలకు సర్కారు గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేని బడిలో ఆడపిల్లలు చదివితే పరీక్షల మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. బోధన భాష మారిస్తే చిక్కు తీరేదే, కాని ఆయన అందుకు ఒప్పుకోలేదు. పూనాలోని కార్వే మహిళా విద్యాపీఠంతో పాఠశాలను అనుబంధం చేయించి, పిల్లల చదువు ఆగకుండా చూశారు.

మన ప్రాంతానికీ ఆయన కృషితో సంబంధం ఉంది. 1930 మార్చిలో ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జోగిపేటలోనే జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరగడం విశేషం. 1935లో సిరిసిల్ల మహాసభకు మాడపాటి అధ్యక్షత వహించారు. ఆనాడు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలో చేరింది.

ఆయన 1951లో హైదరాబాదు నగర మేయరయ్యారు. 1955లో పద్మభూషణ్ పొందారు. 1958 నుంచి 1964 వరకు శాసన మండలి అధ్యక్షులుగా ఉన్నారు. 1970లో కన్నుమూశారు.

పదవులకన్నా ఆయన పేరు నిలిపింది నారాయణగూడలోని ఆ బడే. నిధులు వచ్చాక పని మొదలుపెడదామని కూర్చునే గ్రామ సంఘాలు, యువజన సంఘాలు ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసింది ఎంతైనా ఉంది.