బి.ఎన్.రెడ్డి

బి.ఎన్.రెడ్డిగా ప్రసిద్ధులైన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి (నవంబరు 16, 1908 - నవంబరు 8, 1977) తెలుగు చలనచిత్ర నిర్మాత, దర్శకులు. దక్షిణ భారతదేశం నుండి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం (1974) పొందిన మొదటి వ్యక్తి. పాత సంగీత సంప్రదాయాలూ, ఆ రోజులకు కొత్తవైన పాశ్చాత్య బాణీలూ ఈయన చిత్రాలలో కలిసి వినిపిస్తాయి. సినిమా పాటలను గురించి వ్రాసేవారు స్వరకర్తలనే తలచుకోవడం వలన, వారిని ఎంచుకొన్న నిర్మాత పాత్ర తరచు మరుగున పడుతుంది.

తొలి జీవితం

కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లిలో జన్మించారు. నిర్మాత బి.నాగిరెడ్డి ఈయన తమ్ముడు. మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సు నిర్వహిస్తూ గృహలక్ష్మి (1938) చిత్ర నిర్మాణంలో పాల్గొన్నారు. పిమ్మట మూలా నారాయణస్వామి తదితరులతో కలిసి వాహినీ సంస్థను నెలకొల్పి వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) తీశారు. ఈ మూడింటిలోనూ చిత్తూరు నాగయ్య నటించి, సంగీతమూ సమకూర్చారు.

స్వర్గసీమ

స్వర్గసీమ (1945)లో భానుమతి పాడిన పావురం పాట ఆనాటి శ్రోతలకు పూర్తిగా కొత్త. హాలీవుడ్ చిత్రం బ్లడ్ అండ్ శాండ్‌లో విన్న స్పానిష్ ఫక్కీ బాణీ దానికి ప్రేరణ. తెలుగు నుడికారానికి తగినట్లు దానిని మలచినవారు బాలాంత్రపు రజనీకాంతరావు. ఆయన ఆకాశవాణి ఉద్యోగి కావడంతో చిత్రంలో సంగీత దర్శకులుగా నాగయ్య, ఓగిరాల రామచంద్రరావుల పేర్లే కనిపించాయి. ఘంటసాల సినీ గాయకునిగా తొలిసారి వినిపించినదీ ఈ చిత్రంలోనే.

మల్లీశ్వరి

శ్రీకృష్ణదేవరాయల కాలపు కథతో తీసిన మల్లీశ్వరి (1951) ద్వారా దేవులపల్లి కృష్ణశాస్త్రిని సినీరంగానికి పరిచయం చేశారు. సంగీతం సాలూరు రాజేశ్వరరావు, వాద్యగోష్ఠి నిర్వహణ అద్దేపల్లి రామారావు. జానపద గీతాలు, ఉషాపరిణయం యక్షగానం, రాగప్రధానమైన పాటలు ఒకే చిత్రంలో అతుకు తెలియకుండా ఒదిగిపోయాయి. అయితే నిర్మాణం చాలాకాలం సాగి, వ్యయం పెరిగింది. రాజీపడని ఈ పద్ధతి వ్యాపారానికి భారమే అయింది. వాహినీ స్టూడియో తరువాతి కాలంలో నాగిరెడ్డి చేతికి వెళ్ళింది.

తరువాతి చిత్రాలు

జార్జ్ ఇలియట్ నవల సైలస్ మార్నర్ ఆధారంగా తీసిన బంగారుపాపకు జాతీయ పురస్కారం లభించినా ఆర్థిక విజయం దక్కలేదు. భాగ్యరేఖ (1957)కు బయటి నిర్మాతల కోసం దర్శకత్వం వహించారు. రాజమకుటం, పూజాఫలం తరువాత వచ్చిన రంగులరాట్నంతో చంద్రమోహన్ నటునిగా పరిచయమయ్యారు. బంగారు పంజరం (1969) చివరి చిత్రం. 1971లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్న ఆయన, మద్రాసులో 69వ పుట్టినరోజుకు ఎనిమిది రోజుల ముందు మరణించారు.