వైఫల్య భారాన్ని తలకెత్తుకున్న విజ్ఞాని

మన పాలమూరు రైతు బావి మోటారులో బేరింగు అరిగితే ఆ శబ్దమే తెలుపుతుంది. గద్వాలకో, వనపర్తికో తీసుకుపోయి కొత్తది వేయించుకుంటాడు. నింగికెగసిన రాకెట్టుకు అట్టి అవకాశం లేదు. ఒక్క చిన్న భాగం చెడితే ఏండ్ల శ్రమ క్షణాలలో సముద్రం పాలవుతుంది. అప్పుడు ఆ భారాన్ని మోయవలసినదెవరు? ఈ ప్రశ్నకు తన నడవడితోనే సమాధానమిచ్చిన మహనీయుడు ఆచార్య సతీష్ ధావన్.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణిత, భౌతిక శాస్త్రాలతోపాటు ఆంగ్ల సాహిత్యంలోను, మెకానికల్ ఇంజనీరింగులోను పట్టాలు పొందారు. సాహిత్యానికి, విజ్ఞానానికి పొత్తు కుదరదనుకునే విద్యార్థులు ఇది గమనింపదగినది. 1951లో అమెరికాలో డాక్టరేటు గడించి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. 1962లో దానికి సంచాలకులై, 1972లో ఇస్రో అధ్యక్ష పదవిని కూడా చేపట్టారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి తొలి ఎస్.ఎల్.వి.-3 లేచింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటం మలినం చేరి మూసుకోలేదు. ఆమ్లం కారిపోయి, రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు నాయకులు అబ్దుల్ కలాం గారు. అయినను పత్రికల వారి యెదుట ధావన్ గారే నిలిచి బాధ్యతను తమపై వేసుకున్నారు. 1980 జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యను చేరిననాడు మాత్రం కలాం గారిని ముందుకు పంపి, తాము వెనుక నిలిచారు.

2002 జనవరి 3న ఆయన కన్నుమూశారు. ఆ యేడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆ కేంద్రం నుండే 2010 ఏప్రిల్ 15న స్వదేశీ క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. బయలుదేరింది. నిమిషానికి 34,800 చుట్లు తిరిగే ఇంధన పంపు, ప్రధాన ఇంజను మొదలైన రెండు సెకన్లలోపే ఆగిపోయింది. ద్రవ హైడ్రోజను చల్లదనం మైనస్ 253 డిగ్రీలు. అక్కడ నూనెలు గడ్డకడతాయి, లోహం ముడుచుకుంటుంది, ఇంధనమే బేరింగును చల్లబరచాలి. ఇరుసు బిగుసుకొనిపోవడమో, టర్బైను తొడుగు పగలడమో కారణమని శాస్త్రజ్ఞులు దాపరికం లేకుండా ప్రకటించారు. బేరింగుల, తొడుగుల సంకోచ వ్యాకోచాలను లెక్కగట్టి పంపును తిరిగి మలచి, 2014 జనవరి 5న విజయం సాధించారు.

లోపాన్ని ఒప్పుకున్నందువల్లనే దిద్దుబాటు సాధ్యమైంది. ఫలితాలు తగ్గిన యేడు విద్యార్థిని నిందించుటకు ముందు అధ్యాపకులమైన మేమును, పెద్దలైన కమిటీవారును ధావన్ గారిని ఒక్కసారి స్మరించుకోవలసి ఉన్నది.