అభయమిచ్చిన గణపతిదేవుడు

మార్టూరు మిరప, ప్రత్తి చేలను దాటి ఆగ్నేయముగ సముద్రమువైపు సాగినచో తీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. నేడక్కడ ఓడలు లేవు. కాని వీరభద్రాలయ స్తంభముపై, ఒక తెలుగురాజు పరదేశ వర్తకులకు ఇచ్చిన మాట నేటికిని చదువవచ్చును. ఆ రాజు కాకతీయ గణపతిదేవుడు.

దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధమున ఆయన తండ్రి మహాదేవుడు మరణించెను. యువకుడైన గణపతిదేవుడు శత్రువులకు చిక్కెను. రాజు లేని ఓరుగల్లును సేనాని రేచర్ల రుద్రుడు కాపాడెను. కొంతకాలమునకు యాదవరాజు జైతుగి ఆయనను విడిచిపుచ్చగా, 1199లో సింహాసనమెక్కెను. పరుల చేత చిక్కినవాని దైన్యము ఆయన ఎరిగినదే.

ఓరుగల్లునకు సముద్రము లేదు. ఏనుగులు, గుఱ్ఱములు, పట్టు, కర్పూరము ఓడలపై రావలసినవే. కావున ఆయన వెలనాటిని, దివిసీమను జయించెను. అయినను దివిసీమ ప్రభువును నిర్మూలింపక, ఆతని కుమార్తెలు నారమ్మ, పేరమ్మలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసేనాధిపతిగా చేసెను. నృత్తరత్నావళిని రచించినవాడు ఈ జాయపయే.

ఆ కాలమున సముద్రయానము ప్రాణముతో చెలగాటము. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. తుపానుకు ఓడ పగిలి సరకులు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, ఆ తీరమునేలు రాజు సర్వమును అపహరించుచుండెను. అలల నుండి బ్రతికి బయటపడిన వర్తకుడు ఒడ్డున భిక్షుకుడగుచుండెను!

1244వ సంవత్సర ప్రాంతమున గణపతిదేవుడు ఈ దురాచారమును తొలగించెను. సకల ద్వీపముల నుండి, దేశముల నుండి వచ్చిపోవు నావికులకు అభయమిచ్చి, నిర్ణీత సుంకము తప్ప తక్కినదంతయు వారిదేయని చాటెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. అనగా ముప్పది వరహాల సరకునకు ఒక వరహా. చందనము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, మిరియములు మున్నగు వానికి వేరువేరుగ రేట్లు చెక్కించెను. రేటు రాతిపై నున్నపుడు, అధికారి అధికముగ అడుగుట ఎట్లు?

ఇది కేవలము దయయని తలపరాదు. కీర్తియు పుణ్యమును కోరి ఇచ్చుచున్నట్లు ఆ శాసనమే చెప్పుచున్నది; ఓడలు పెరిగిన కొలది బొక్కసమును నిండును. రాయబారమును, సైన్యమును పంపక, తన యొడ్డున భయము లేదని తానే ముందుగ ప్రకటించి ఆయన దూరదేశములతో మైత్రి చేసెను.

చివరి దినములలో నెల్లూరు సీమయందు పాండ్యుల చేత ఆయన సేనలు ఓడెను. రాజ్యము కుమార్తె రుద్రమదేవికి దక్కెను. ఆ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలియని పేర్కొని, ఇచటి సన్నని వస్త్రములను, రాణి న్యాయపాలనను ప్రశంసించెను. కాకతీయులు పోయిరి, రెడ్డిరాజులు వచ్చిరి. 1358లో అనపోతారెడ్డి అదే రేవున మరల అభయశాసనము వేయించి, అచట నివసించు వర్తకులు తమ కిష్టమైనపుడు నిరాటంకముగ వెడలిపోవచ్చునని చేర్చెను.