హయాత్ బక్షీ బేగం

హయాత్ బక్షీ బేగం (మరణం: 1667) గోల్కొండను పాలించిన కుతుబ్ షాహీ వంశానికి చెందిన రాకుమార్తె. ఈమె ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కుమార్తె, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. ఈ ముగ్గురి పాలనాకాలం 1580 నుండి 1672 వరకు సాగింది. ఈమెను గౌరవంగా మా సాహెబా అని పిలిచేవారు. హైదరాబాదు శివార్లలోని హయాత్‌నగర్ ఈమె పేరుమీద ఏర్పడినదే. ఈమె సమాధి గచ్చిబౌలికి ఆగ్నేయంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, గోల్కొండ కోటకు చేరువలో గల కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఉన్నది.

కుతుబ్ షాహీల వంశవృక్షాన్ని సాధారణంగా సుల్తానుల పేర్లతో మాత్రమే ఇస్తారు. ఆ పట్టికలో మహమ్మద్ కులీ తరువాత సుల్తాన్ మహమ్మద్ పేరు రావడం వలన ఇతడు ఆయన కుమారుడని పొరబడే అవకాశం ఉన్నది. నిజానికి ఇతడు మహమ్మద్ కులీకి తమ్ముని కొడుకు, అల్లుడు. వీరిద్దరి మధ్య వారసత్వాన్ని కలిపిన వ్యక్తి హయాత్ బక్షీ బేగం.

వంశం

ఈమె తాత ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580). తెలుగు కవులను ఆదరించి, వారిచే మల్కిభరాముడని పిలిపించుకున్న సుల్తాను ఇతడే. ఇబ్రహీం కుమారులలో మహమ్మద్ కులీ 1580లో సింహాసనం ఎక్కాడు. ఇతడు 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించాడు. దక్కనీ భాషలో కవిగా కూడా ప్రసిద్ధుడు. ఇతనికి రాజ్యం అప్పగించడానికి కుమారుడు లేడు. హయాత్ బక్షీ బేగం ఇతని ఏకైక సంతానంగా మిగిలింది.

ఇబ్రహీం మరొక కుమారుడు మీర్జా మహమ్మద్ అమీన్. ఇతడు మహమ్మద్ కులీకి తమ్ముడు. ఇతడు రాజ్యం చేయకుండానే మరణించాడు. ఇతని సమాధి తండ్రి ఇబ్రహీం సమాధి ఉన్న వేదిక మీదనే కలదు. 1593లో జన్మించిన ఇతని కుమారుడే తరువాతి కాలంలో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా అయ్యాడు.

తల్లి గురించిన వివాదం

హయాత్ బక్షీ బేగం తల్లి భాగమతి అని ప్రజలలో విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. మూసీ నది దక్షిణ తీరాన చిచిలం గ్రామానికి చెందిన భాగమతిని మహమ్మద్ కులీ ప్రేమించి పెండ్లాడాడనీ, ఆమెకు హైదర్ మహల్ అనే బిరుదు ఇచ్చాడనీ, నగరానికి భాగ్యనగరం అనే పేరు ఆమె వలననే వచ్చిందనీ ఆ కథ చెబుతుంది. అయితే భాగమతి పేరు కుతుబ్ షాహీల శాసనాలలో కానరాదు. సమాధుల ప్రాంగణంలో ఆమెకు సమాధి లేదు. ఈ కారణాల వలన హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు ఈ కథను అంగీకరించలేదు. తండ్రి వైపు మూడు తరాలు స్పష్టంగా నమోదైన ఈ రాకుమార్తెకు తల్లి వైపు వంశం ఇతిహాసాలలో మాత్రమే మిగిలింది. ఆనాటి ఆస్థాన రచనలు రాజుల తండ్రుల పేర్లను శ్రద్ధగా వ్రాసి, తల్లుల పేర్లను తరచుగా వదలివేయడం ఇందుకు ఒక కారణం.

వివాహం

కుమారుడు లేని సుల్తానుకు ఏకైక కుమార్తె కావడం వలన ఈమె వివాహం రాజ్య వ్యవహారంగా మారింది. 1603లో ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ తన కుమారులలో ఒకరికి ఈమెను ఇమ్మని కోరుతూ గోల్కొండకు రాయబారిని పంపాడు. కుతుబ్ షాహీలు కూడా షియాలు కావడం వలన ఇరాన్ సఫవీ వంశంతో వీరికి గాఢమైన సంబంధాలు ఉండేవి. ఆ రాయబారి దాదాపు ఆరేళ్ళు గోల్కొండలో గడిపినా ఈ సంబంధం కుదరలేదు. 1607లో మహమ్మద్ కులీ తన కుమార్తెను తమ్ముని కొడుకైన మహమ్మద్‌కు ఇచ్చి వివాహం చేశాడు.

తెలుగువారి బంధుత్వ పద్ధతిలో బాబాయి కొడుకు సోదరుడే అవుతాడు గనుక ఇటువంటి వివాహం నిషిద్ధం. మేనరికం మాత్రమే ఆచారంలో ఉన్నది. ముస్లిం రాజవంశాలలో అన్నదమ్ముల పిల్లల మధ్య వివాహం సమ్మతమైనది. ఈ వివాహం వలన రాజ్యం పరాయి వంశానికి పోకుండా ఇబ్రహీం సంతతిలోనే నిలిచింది. 1612 జనవరిలో మహమ్మద్ కులీ మరణించగా అల్లుడు సుల్తాన్ మహమ్మద్ గద్దెనెక్కాడు. 1617లో మక్కా మసీదు నిర్మాణానికి పునాది వేసినది ఇతడే.

వీరికి 1614లో అబ్దుల్లా జన్మించాడు. అబ్దుల్లాకు తండ్రి తాత, తల్లి తాత కూడా ఇబ్రహీం కుతుబ్ షాయే. విడిపోయిన రెండు శాఖలు ఇతనిలో కలిశాయి.

రాజమాత

1626లో సుల్తాన్ మహమ్మద్ మరణించాడు. అప్పటికి అబ్దుల్లాకు పన్నెండేళ్ళు నిండలేదు. బాలుడైన సుల్తాను తరఫున రాజ్య వ్యవహారాలలో తల్లి ముఖ్యపాత్ర వహించింది. కుమారుడు పెద్దవాడైన తరువాత కూడా ఆస్థానంలో ఈమె మాటకు విలువ తగ్గలేదు.

అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి అతనిని అడవిలోకి తీసుకుపోయిందనీ, కుమారుడు క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసు వంటి బంగారు లంగరు సమర్పిస్తానని తల్లి మొక్కుకున్నదనీ ఒక కథ కలదు. మొహర్రం నెలలో హైదరాబాదులో జరిగే లంగర్ ఊరేగింపు ఈ మొక్కుతోనే మొదలైందని ప్రతీతి. అసఫ్ జాహీల కాలంలో కూడా ఈ ఊరేగింపు వైభవంగా జరిగేది.

ఈ కాలంలో మొఘలుల ఒత్తిడి పెరిగింది. 1636లో షాజహాన్‌తో జరిగిన ఒప్పందం ప్రకారం గోల్కొండ మొఘలుల ఆధిపత్యాన్ని అంగీకరించింది. సాలీనా రెండు లక్షల హొన్నులు కప్పం చెల్లించడానికి, శుక్రవారపు ఖుత్బాలో షాజహాన్ పేరు చదివించడానికి అబ్దుల్లా ఒప్పుకున్నాడు.

1656 ముట్టడి

గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కర్ణాటక ప్రాంతాన్ని జయించి అపారమైన ధనం, సైన్యం సమకూర్చుకున్నాడు. సుల్తానుకు, ఇతనికి మధ్య విరోధం ముదిరింది. 1655లో అబ్దుల్లా ఇతని కుమారుని బంధించగా మీర్ జుమ్లా మొఘలులను ఆశ్రయించాడు. అప్పటి దక్కను సుబేదారు ఔరంగజేబు దీనిని అవకాశంగా తీసుకున్నాడు. 1656 జనవరిలో ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తాన్ సేనలు హైదరాబాదులో ప్రవేశించి నగరాన్ని కొల్లగొట్టాయి. అబ్దుల్లా గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు.

రాజ్యాన్ని పూర్తిగా కలుపుకోవాలన్నది ఔరంగజేబు ఉద్దేశం. ఈ పరిస్థితిలో వృద్ధురాలైన హయాత్ బక్షీ బేగం కోట దాటి మొఘల్ శిబిరానికి వెళ్ళి సంధి కోరింది. కోటి రూపాయలు చెల్లించడానికి, అబ్దుల్లా రెండవ కుమార్తెను మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి వివాహం చేయడానికి అంగీకారం కుదిరింది. రాంగీర్ ప్రాంతాన్ని కూడా గోల్కొండ వదులుకోవలసి వచ్చింది. మరొక వైపు ఢిల్లీలో దారా షికో జోక్యం వలన ముట్టడి ఆపమని షాజహాన్ ఆజ్ఞ పంపాడు. మార్చి 30న ముట్టడి ముగిసింది. గోల్కొండ మరి 31 సంవత్సరాలు నిలిచింది.

తరువాతి వారసత్వం

అబ్దుల్లాకు కూడా కుమారులు లేరు, ముగ్గురు కుమార్తెలు. హయాత్ బక్షీ బేగం వివాహ సమయంలో తలెత్తిన ప్రశ్నే ఈ మనుమరాళ్ళ కాలంలో మళ్ళీ తలెత్తింది. మొదటి కుమార్తె భర్త నిజాముద్దీన్ అహ్మద్. రెండవ కుమార్తె భర్త మహమ్మద్ సుల్తాన్ మొఘల్ వారసత్వ యుద్ధంలో తండ్రిని విడిచి షుజా పక్షం చేరి, తరువాత బందీయై 1676లో మరణించాడు. కాబట్టి సంధి ద్వారా గోల్కొండను పొందాలన్న మొఘలుల ఆశ ఫలించలేదు. మూడవ కుమార్తె భర్త అబుల్ హసన్ 1672లో సుల్తాను అయ్యాడు. తానీషాగా ప్రసిద్ధుడైనవాడు, భద్రాచలం రామదాసు కథలోని నవాబు ఇతడే. ఈ విధంగా ఎనభై సంవత్సరాలలోపు రెండుసార్లు గోల్కొండ సింహాసనం కుమార్తె ద్వారా అల్లునికి సంక్రమించింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో ఈ వంశపాలన ముగిసింది.

నిర్మాణాలు, సమాధి

విజయవాడ రహదారి మీద గల హయాత్‌నగర్‌లో ఐదు కమానుల మసీదు, దాని చుట్టూ బాటసారుల కొరకు కట్టిన సరాయి గదులు, హాథీ బావిగా పిలువబడే పెద్ద బావి ఉన్నాయి.

హయాత్ బక్షీ బేగం 1667లో, కుమారుడు జీవించి ఉండగానే మరణించింది. ఈమె సమాధి పరిమాణంలో సుల్తానుల సమాధులకు తీసిపోదు. దీని పక్కనే 1666 ప్రాంతంలో నిర్మించిన పెద్ద మసీదు ఈమె పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. ఆగాఖాన్ ట్రస్టు సహకారంతో ఈ ప్రాంగణంలో 2013లో మొదలైన పునరుద్ధరణ పనులు 2024లో ముగిశాయి.

ఈ ప్రాంగణంలో తాత ఇబ్రహీం, తండ్రి మహమ్మద్ కులీ, మామ మీర్జా మహమ్మద్ అమీన్, భర్త సుల్తాన్ మహమ్మద్, కుమారుడు అబ్దుల్లా సమాధులన్నీ ఉన్నాయి. దౌలతాబాదు కోటలో బందీగా మరణించిన తానీషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. సుల్తానుల పట్టికలో చోటు దక్కని హయాత్ బక్షీ బేగం పేరును ఆ ఐదుగురితో కలిపి చదివినపుడే కుతుబ్ షాహీ వంశక్రమం సరిగా అర్థమవుతుంది.