క్యారెట్ రసం చెప్పిన నిజం

మొన్న ఫ్రిజ్ అడుగున మర్చిపోయిన క్యారెట్ తీస్తే చేతికి మెత్తగా తగిలింది. పైన తెల్లటి బూజు. కుళ్ళింది కాబట్టే బూజు పట్టిందని మనమంతా అనుకుంటాం కదా! డిగ్రీలో బోటనీ చదివిన నేనూ అదే అనుకున్నాను. అంతలో ఒకాయన గుర్తొచ్చాడు. ఆంటన్ డి బారీ.

ఆయన 1831లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు, ఇంట్లో పదిమంది పిల్లలు. తనూ బెర్లిన్‌లో డాక్టరు చదువే చదివాడు గానీ మనసంతా మొక్కల మీదే. 1853లో, ఇరవై రెండేళ్ళకే, పైర్లకొచ్చే కాటుక, కుంకుమ తెగుళ్ళకు శిలీంధ్రాలే కారణమని పుస్తకం రాశాడు.

1845 నుంచి ఐర్లాండులో బంగాళాదుంప పంట కుళ్ళి, ఆ కరువులో దాదాపు పది లక్షలమంది పోయారు. తడికి దుంప కుళ్ళింది, బూజు తర్వాత వచ్చిందన్నారు చాలామంది పండితులు. డి బారీ ఆ బూజు బీజాలను మంచి మొక్కలకు అంటించి, తెగులు తెచ్చేది అదేనని 1861లో చూపించాడు.

మరి అంత చిన్న బూజు గట్టి మొక్కలోకి ఎలా దూరుతుంది? 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన బూజుపట్టి కుళ్ళిన క్యారెట్ల రసం పిండాడు. అందులో తాజా ముక్క వేస్తే కణాలు విడిపోయి మెత్తబడింది. రసం మరిగించి వేస్తే ఏమీ కాలేదు! అంటే బూజు ఏదో ఎంజైము వదులుతోందన్నమాట. జామకాయ జెల్లీ గడ్డకట్టేది పెక్టిన్ వల్ల అని మనకు తెలుసుగా. ఇటుకల మధ్య సున్నంలా కణాలను అతికి ఉంచేదీ అదే. బూజు ముందు దాన్ని కరిగిస్తుంది, తర్వాత కణాల గోడలు, ఆపైన భోజనం.

యాభై ఏడో పుట్టినరోజు ఇంకా వారం ఉందనగా, 1888 జనవరిలో ఆయన కన్నుమూశాడు.

నా చిన్నప్పుడు మా వేరుశనగ చేను కుళ్ళింది. మొక్కల మొదట్లో తెల్లదారాలు, ఆవగింజల్లాంటి ఉండలు. ఆ ఏడే కాపురానికొచ్చిన మా పిన్ని పాదం మంచిది కాదన్నారు. పిన్ని మళ్ళీ ఆ చేలో అడుగుపెట్టలేదు. ఆ బూజు వేరు, పని మాత్రం ఇదే.

నిన్న పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ తెల్లదారాలు అప్పుడే తనూ చూశానంది. తననెవరూ అడగలేదట.