ప్రాణవాయువు గిట్టని ప్రాణులు

లూయీ పాశ్చర్ అనగానే మీకు పిచ్చికుక్క కాటుకు టీకా గుర్తుకు వస్తుంది. మనమందరం బడిలో చదువుకున్నదే. 1885లో ఆ టీకా వేయడానికి దాదాపు పాతికేళ్ల ముందు ఆయన సూక్ష్మదర్శినిలో చూసిన ఒక సంగతి ఈ వారం మీకు చెప్తాను. రాత్రి పాలలో తోడు వేసి మూతపెట్టే ప్రతి తల్లికీ అది సంబంధించినదే.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని దోల్ పట్టణంలో జన్మించారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్లు పదును చేసే వృత్తిలో బతికినవారు. కుమారుడు రసాయన శాస్త్రం చదివి, 1854లో లీల్ నగరంలో ఆచార్యుడయ్యారు. 1856లో ఒక విద్యార్థి తండ్రి ఆయన దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నాడు. బీట్ దుంపల రసం పులియబెట్టి ఆల్కహాలు తీసే వ్యాపారం ఆయనది. కొన్ని తొట్లలో రసం పుల్లబడి పాడైపోతోంది. పాశ్చర్ ఆ రసాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. బాగున్న తొట్టిలో గుండ్రని ఈస్ట్ కణాలు, పాడైన దానిలో వాటికంటే ఎంతో చిన్నవైన మరేవో ఉన్నాయి.

పులియడమంటే కుళ్లే పదార్థంలో జరిగే రసాయన మార్పేనని జర్మనీ దేశపు లీబిగ్ వంటి ఉద్దండులు బోధిస్తున్న కాలమది. కాదు, అది ప్రాణుల పని అని పాశ్చర్ అన్నారు. పాలు పులిసేది కూడా ఒక సూక్ష్మజీవి వల్లనేనని 1857లో ప్రకటించారు.

ఇక 1861. ముక్కిపోయిన వెన్న వాసన వేసే బ్యుటిరిక్ ఆమ్లాన్ని తయారుచేసే క్రిములను ఆయన పరిశీలిస్తున్నారు. గాజు పలకల మధ్య ఒక చుక్క. మామూలుగా అయితే గాలి తగిలే అంచుల దగ్గరే క్రిములు చురుకుగా ఈదాలి. ఇక్కడ అంచున ఉన్నవి కదలిక లేక పడి ఉన్నాయి, మధ్యలో ఉన్నవి హాయిగా తిరుగుతున్నాయి. ఆ ద్రవంలోకి గాలి పంపితే పులియడమే ఆగిపోయింది. మనం ప్రాణవాయువు అని పేరుపెట్టుకున్నదే వాటికి ప్రాణాంతకం! సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు ఊపిరి, ప్రాణం ఒకటేనన్న లెక్క అలవాటు. ఈ చుక్క ఆ లెక్కను తలకిందులు చేసింది.

మరి ఊపిరి లేకుండా శక్తి ఎలా? ఈస్ట్‌తో చేసిన ప్రయోగాల్లో పాశ్చర్‌కు జవాబు దొరికింది. గాలి ఉంటే ఈస్ట్ కొంచెం చక్కెరతోనే బాగా పెరుగుతుంది. గాలి లేకపోతే ఎంతో చక్కెర తిని కొద్దిగానే పెరుగుతుంది. గాలి ఆడని పొయ్యిలో కట్టె పూర్తిగా కాలక బొగ్గు మిగిలినట్లు, పులియబెట్టినప్పుడు ఆల్కహాలో ఆమ్లమో మిగిలిపోతుంది, శక్తి చాలావరకు అందులోనే ఉండిపోతుంది. నేటి లెక్క ప్రకారం ఒక గ్లూకోజు అణువును ప్రాణవాయువుతో పూర్తిగా దహిస్తే కణానికి సుమారు 30 ఏ.టి.పి. అణువుల శక్తి దక్కుతుంది. పులియబెడితే దక్కేవి సాధారణంగా రెండే. అందుకే మీ పెరుగులోని బాక్టీరియా అంత వేగంగా పాలచక్కెరను ఆమ్లం చేస్తుంది. అన్ని బాక్టీరియాలకూ ఈ రెండు దారులే అనుకోకండి. కొన్ని ప్రాణవాయువుకు బదులు నైట్రేటుతోనో సల్ఫేటుతోనో శ్వాసిస్తాయని తర్వాత తెలిసింది.

ఈ పరిశోధనలు సాగుతున్న ఏళ్లలోనే ఆ ఇంట్లో శవపేటికలు లేచాయి. 1859లో తొమ్మిదేళ్ల జాన్ టైఫాయిడుతో పోయింది. 1865లో రెండేళ్ల కమీల్, మరుసటి ఏడు పన్నెండేళ్ల సెసీల్. సెసీల్‌నూ టైఫాయిడే తీసుకుపోయింది. ఆ జబ్బు క్రిమిని 1880 వరకు ఎవరూ గుర్తించలేదు. గాలి ఉంటే శ్వాసించి, గాలి లేని పేగుల్లో పులియబెట్టి, రెండు విధాలా బతకగల బాక్టీరియా అది. ఆ రెండు విధాలనూ లోకానికి వివరించిన తండ్రికి తన ఇంట్లోకి వచ్చినది ఏమిటో అప్పుడు తెలియదు.

1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆయన పని మానలేదు. పులియడమంటే గాలి లేని జీవనమేనని 1876లో బీరుపై రాసిన గ్రంథంలో గట్టిగా చెప్పారు. 1895 సెప్టెంబరు 28న మరణించారు. అంత్యక్రియలు పారిస్‌లోని నోత్ర్ దామ్ కతీడ్రల్‌లో జరిగాయి.

రెండేళ్లు తిరగకుండానే, 1897లో, జర్మనీలో బుక్నర్ ఈస్ట్ కణాలను నూరి రసం పిండారు. ప్రాణమున్న కణం ఒక్కటీ లేని ఆ రసం కూడా చక్కెరను ఆల్కహాలుగా మార్చింది. పని చేసేది కణం తయారుచేసుకునే ఎంజైములని తేలింది. బతికున్న కణం ఉండి తీరాలన్న పాశ్చర్ మాట అక్కడ నిలవలేదు.